జంట ముద్ద

ఆదిలక్ష్మమ్మ రెండు పూటలుగా ముద్ద ముట్టలేదు.

కోపం వస్తే గిన్నెలు విసిరే అత్తలుంటారు. గొంతు చించుకునే అత్తలుంటారు. ఆమెది ఆ దారి కాదు. కోపం ఎవరి మీద వచ్చినా శిక్ష మాత్రం తన కడుపుకే వేసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం మొదలైన అలక సోమవారం పొద్దునకీ దిగలేదు. వసారాలో గోడకు ఆనుకుని, ఎడమ కాలు చాపుకుని, వీధిలో పోయే వాళ్ళందరికీ కనబడేలా కూర్చుంది.

నాగవేణికి ఒళ్ళు మండింది అందుకే. తినకూడదనుకుంటే లోపల కూర్చుని మానెయ్యొచ్చు కదా. ప్రొద్దుటూరు చివర ఈ వీధి వీధంతా, రిజర్వాయరు నీళ్ళొచ్చి కొండాపురం వైపు ఊళ్ళు వదిలేసిన వాళ్ళే. ఒక ఇంట్లో తట్ట కదలకపోతే పదిళ్ళకు తెలుస్తుంది.

"అత్తా, టీ తెచ్చినా."

"నాకొద్దు."

"చక్కెర ఏసినా. నీకెప్పుడూ ఏసినట్లే, రెండు స్పూన్లు."

"నువ్వే తాగు."

"నేను చక్కెర ముట్టగూడదనే కదా ఈ రచ్చంతా!"

ఆదిలక్ష్మమ్మ మొహం ఇటు తిప్పింది. మాట్లాడకూడదని పెట్టుకున్న ఒట్టు అక్కడితో తీరిపోయింది.

"ఏమ్మే, మగోళ్ళు కూచోకముందే గిన్నె నిండా తునకలేసుకుని తింటదా ఆడది? ముద్ద ల్యాకుండా ఉత్త తునకలు! సారాయి తాగేటోళ్ళు నంజుకున్నట్ల. నా కండ్లతో చూస్తి."

"ఆరు తునకలత్తా. గిన్నె నిండా కాదు."

"లెక్క పెట్టుకుని మరీ తిన్నావా?"

"లెక్క పెట్టుకుని తినమనే కదా నర్సమ్మ చెప్పింది."

ఆ ఇంట్లో మాంసం వండిన రోజు ముందు మగవాళ్ళు తింటారు. ఆ తర్వాత అత్తాకోడళ్ళు కూర్చుంటారు. అప్పటికి గిన్నెలో పులుసు, రెండు ఎముకలు, అడుగున ఉల్లిపాయ ముద్ద మిగిలి ఉంటాయి. దాంట్లోనే సంగటి అద్దుకుని కడుపు నింపుకుంటారు. పదిహేనేళ్ళలో నాగవేణిని తునకలు తినొద్దని ఎవరూ అనలేదు. తినమని కూడా అనలేదు. ఆ మాటే ఎవరికీ తట్టలేదు, నిజం చెప్పాలంటే ఆమెకూ తట్టలేదు.

"వీధిలో ఏమంటాండారో తెల్సా? ఆదిలక్ష్మమ్మ కోడలికి కడుపుకి పెట్టదంట. అందుకే ఆ పిల్ల కట్టెపుల్ల మాదిరి ఉండాదంట."

"నేను పెండ్లయి వచ్చినప్పుడు గూడా కట్టెపుల్లనే కదత్తా."

"అప్పుడు మీ అమ్మని అనిరి. ఇప్పుడు నన్ను అంటాండారు."

నాగవేణికి నవ్వొచ్చింది. అత్త చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆమె బరువు నలభై ఆరు కిలోలు. అలాంటి మనిషికి చక్కెర ఎక్కువైందని కాగితం వస్తే ఇంట్లో అందరూ ల్యాబులో పేర్లు తారుమారయ్యాయన్నారు. రెండోసారీ అదే వచ్చింది. మూడు నెలల సగటు ఆరు పాయింట్ ఒకటి. జబ్బు ఇంకా లోపలికి రాలేదు, గడప దగ్గర నిలబడి ఉంది.

ఆ భయంలో నాగవేణి చేసిన తప్పు ఆమెదే, ఎవరి మీదకీ నెట్టదు. రాగులు మంచివి కదా అని అన్నం, సంగటి మానేసి మూడు పూటలా చెంబుడు రాగి జావ తాగింది. మూడు వారాల్లో మూడు కిలోలు పోయాయి. వేలు గుచ్చి చూస్తే, జావ తాగిన గంటకు అంకె ఇంకా పైకెక్కింది.

"పలచగా తాగితే రాగి గూడా గబగబా రక్తంలో కలుస్తాది. తగ్గాల్సింది నీ ఒళ్ళు కాదు పిచ్చిదానా, ముద్ద," అని చీవాట్లు పెట్టింది ప్రసన్నకుమారి. రాజుపాలెం ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి స్నేహితురాలైంది. "నీ ఒంట్లో కండ ల్యాదు. కండ పెంచు. గుడ్లు, గుగ్గిళ్ళు, పప్పు, తునకలు, అవి ముందు తిను. ఆనక పిడికెడు సంగటి. తిన్నాక పదిహేను నిమిషాలు నడువు. నీళ్ళ బిందెలు నువ్వే మొయ్యి."

పాత ఊళ్ళో పొద్దుననగా గొర్రెల వెంట పోతే పొద్దుగూకేదాకా నడకే. రెండు ముద్దలు తిన్నా సాయంత్రానికి మళ్ళీ ఆకలయ్యేది. ఊరు పోయింది. మంద తరిగి ముప్పైకి వచ్చింది, వాటిని మామ చిన్నసుబ్బయ్యే తోలుకుపోతున్నాడు. నాగవేణి పది గంటలు కుట్టుమిషను ముందు కూర్చుంటోంది. ముద్ద మాత్రం పాత సైజులోనే ఉండిపోయింది.

బాలకృష్ణ పాల వ్యాను నిలిపి లోపలికి వచ్చాడు. తల్లి ముందు చల్లారిన టీ చూశాడు. భార్య మొహం చూశాడు. ఎటువైపు మాట్లాడినా చిక్కేనని అర్థమై తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, బుధారం జమ్మలమడుగు పోవాల. నువ్విట్లే పస్తు పండుకుంటే ఆడ కండ్లు తిరిగి పడతావు. పిల్లనిచ్చేటోళ్ళ ముందర మర్యాదగా ఉంటదా?"

"నాకేమీ కాదు. నీ పెండ్లాన్ని అడుగు, ఆడ జంట ముద్ద తింటదో ల్యాదో."

వీధిలోకి పోతున్న గొడవ అప్పటికి అసలు చోటికి వచ్చింది.

వాళ్ళ వంశంలో ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చే ఇంట్లో ఒకే పళ్ళెంలో రెండు సంగటి ముద్దలు పెడతారు. ఒక్కొక్కటీ టెంకాయంత ఉంటుంది. మగపిల్లాడి ఇంటి పెద్ద కోడలు, రాబోయే చిన్న కోడలు పక్కపక్కన కూర్చుని అవి తినాలి. పళ్ళెం ఖాళీ అయితే సంబంధం కలిసినట్టు. ముద్ద మిగిలితే పిల్ల నచ్చలేదని అర్థం. వసారాలో మగవాళ్ళు ఎన్ని మాట్లాడుకున్నా ఆ తర్వాత చెప్పులేసుకుని బయటికి నడవడమే. వల్లూరులో ఒక మంచి సంబంధం పెద్ద కోడలి పంటినొప్పి వల్ల పోయింది. ఆమె వద్దనలేదు పాపం, నమలలేకపోయింది.

మరిది జగదీశ్‌కు ఇరవై తొమ్మిది. నాలుగు సంబంధాలు దాటిపోయాయి. ఈ జమ్మలమడుగు పిల్ల మల్లికతో మాత్రం ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు అతని మొహంలో వెలుగు నాగవేణే చూసింది.

"ఒక్క పూట తినుమే," అంది ఆదిలక్ష్మమ్మ. గొంతు కొంచెం దిగింది. "ఒక్క ముద్దకి మనిషి సస్తాదా?"

"చావదు. కానీ అత్తా, ఒక్క పూటని నువ్వనేది ఇది ఎన్నోసారి? జాతరకి ఒక్క పూట. అమాసకి ఒక్క పూట. మీ తమ్ముడొస్తే ఒక్క పూట."

"మా చిన్నప్పుడు ముద్ద దొరికితే పండగే. మా అమ్మ తన ముద్ద మాకు పెట్టి నీళ్ళు తాగి పండుకునేది. నువ్వు ముద్ద తోసేస్తే నా పేగు మెలిపెట్టినట్లుంటాది."

నాగవేణి అత్త పక్కన కూర్చుంది. ఆ మాటకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాలేదు. కానీ లొంగిపోవడానికీ మనసొప్పలేదు.

"సరే. పళ్ళెం ఖాళీ చేసేది నా పూచీ. పిసరంత మిగలదు. ఎట్ల చేస్తాననేది మాత్రం నన్నడగొద్దు. చేస్తే, వచ్చే ఆదివారం నుంచి నా గిన్నెలో తునకలు నువ్వే నీ చేత్తో ముందుగా ఎయ్యాల."

"మిగిలితే?"

"మిగిలితే మీరెంత పెడితే అంత తింటా. ఇంక నోరెత్తను. నర్సమ్మ పేరు ఈ ఇంట్లో వినబడదు."

"ఆడ చక్కెర మాట ఎత్తొద్దు," అన్నాడు బాలకృష్ణ మధ్యలో. "ఇంట్లో రోగముండాదంటే పిల్లనిస్తారా?"

"నేనుగా ఎత్తను. అడిగితే దాయను."

ఆదిలక్ష్మమ్మ కాసేపు కోడలి మొహంలోకి చూసి, చల్లారిన టీ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. లేచి రబ్బరు చెప్పులు తొడుక్కుని, కాలు కొంచెం ఈడుస్తూ వంటింట్లోకి పోయింది. ఈమధ్య ఆమె ఇంట్లో కూడా చెప్పులు విప్పడం లేదు. టౌనుకొచ్చాక అత్తకు సోకులెక్కువయ్యాయని నాగవేణి లోలోపల నవ్వుకుంది.

మంగళవారం తన కుట్టు అంగట్లో ఈ పందెం సంగతి విని ప్రసన్నకుమారి తల పట్టుకుంది.

"ఒక్క పూట తింటే ఏమీ కూలిపోదు నాగవేణీ. తినేసి కొంచెం ఎక్కువ నడువు. దీనికి మరిది పెండ్లి ఒడ్డుతావా?"

"ఒక్క ముద్ద సంగతి కాదు సిస్టరమ్మా. నేను ఎట్ల తినాలనేది నా చేతిలో ఉండాదా, వాళ్ళ చేతిలోనా అనేది. మా అమ్మ గూడా నాలాగే సన్నం. పులివెందులలో అందరూ, సన్నగుండే దానికి ఏం రోగమని నవ్విరి. కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే గుడ్డ చుట్టుకుని తిరిగింది. అడిగితే, నొప్పే లేదు పాపా అనేది."

మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆగింది నాగవేణి.

"నొప్పి లేదంటే మంచిదే కదా అనుకుంటి. నొప్పి తెలీకపోవడం చక్కెర రోగం వల్లనేనని, మోకాలి కింద కాలు తీసేసినాక చెప్పిరి. ఆనక రెండేండ్లే బతికింది."

ప్రసన్నకుమారి జాకెట్ల సంచి సర్దుకుంటూ, "మీ అత్తనీ ఓసారి తీసుకురా. అరవై దాటినామె," అంది.

"సూది అంటే ఆమె కడపదాకా పరిగెడతాది," అని నవ్వింది నాగవేణి.

బుధవారం ఆటోలో జగదీశ్ వదిన పక్కనే కూర్చుని గుసగుసగా ఉపాయాలు చెప్పాడు. చీర చెంగులో సగం ముద్ద కట్టుకొచ్చేస్తే తాను కిటికీ దగ్గర నిలబడి అందుకుంటానన్నాడు.

"ఉడుకు ముద్ద చెంగులో కట్టుకుంటే నా నడుము కాలదా నాయనా? నువ్వు గమ్మునుండు. నీ మల్లికని నీకు తెచ్చిపెట్టే పూచీ నాది."

ఆ ధీమా ఉత్త మాట కాదు. మంగళవారమంతా మిషను తొక్కుతూ ఆలోచించి, ఆ పద్ధతిలో ఎవరూ చూడని సందు ఒకటి పట్టుకుంది.

జమ్మలమడుగులో మల్లిక వాళ్ళ ఇల్లు చిన్నదే. మగవాళ్ళు వసారాలో మంచాల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు లోపల గోడల వెంట చేరారు. పెత్తనమంతా మల్లిక అవ్వది. ఆమె స్వయంగా ఇత్తడి పళ్ళెం తెచ్చి చాప మీద పెట్టింది. రెండు ముద్దలు, వాటి నడుమ గుంటల్లో నెయ్యి, చుట్టూ మాంసం కూర, చింతాకు పప్పు, ఉడకబెట్టిన గుడ్లు.

మల్లిక వచ్చి కూర్చుంది. బట్టల దుకాణంలో పని చేసే పిల్ల, చూపులో బెదురు లేదు. నాగవేణికి చూడగానే నచ్చింది.

నాగవేణి ముద్దను తాకలేదు. గుడ్డు తీసి రెండుగా చేసి సగం మల్లిక వైపు పెట్టింది. నాలుగు మంచి తునకలు ఏరి రెండు అటు జరిపింది.

"అక్కా, ముద్ద తినకముందే తునకలా? మా అవ్వ కొడతాది," అంది మల్లిక పెదవులు కదపకుండా.

"నువ్వెప్పుడన్నా ఉడుకుడుకు కూరలో మొదటి తునక తిన్నావా?"

"ల్యాదు."

"తిని చూడు."

మల్లిక తిన్నది. కళ్ళు పెద్దవి చేసి ఇంకోటి తీసుకుంది. అవ్వ ముందుకు వంగింది.

"ఏందిమే, ముద్ద ఉడకల్యాదా? తాకనే తాకవు?"

గోడ దగ్గర ఆదిలక్ష్మమ్మ వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. నాగవేణి ఆమెను చూసింది, అవ్వను చూసింది. అడిగితే దాయనని ముందే చెప్పింది కదా.

"బాగా ఉడికింది అవ్వా. నాకు చక్కెర గడపదాకా వచ్చిండాది. లోపలికి రానీకుండా ఇట్ల తింటాండా. ముందు ఇవి, ఆనక కొంచెం ముద్ద."

"ఇంత సన్నగుండే దానికి చక్కెరా?"

"సన్నగుండే వాళ్ళకి గూడా వస్తాది అవ్వా. మా అమ్మకి వచ్చింది."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వసారాలో బాలకృష్ణ దగ్గడం వినబడింది.

"దాసిపెట్టకుండా చెప్తివి, మంచిదే," అంది అవ్వ చివరికి. "రోగాలు అందరిళ్ళల్లో ఉండాయి. పళ్ళెం మాత్రం ఖాళీ కావాల."

"అయితాది. ఖాళీ కావాలంటారు గానీ, ఎంతమంది తినాలని పెద్దోళ్ళెవరన్నా చెప్పినారా అవ్వా?"

అవ్వ గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. "చెప్పల్యాదు," అని ఒప్పుకుంది.

"మరి తోడికోడళ్ళ మధ్యలో అత్త ల్యాకుంటే ఎట్ల? అత్తా, రా. ఈ ముద్ద మేమిద్దరం పంచుకుంటాం. ఆ ముద్ద నీది."

నవ్వులు లేచాయి. అవ్వ కూడా బోసినోటితో నవ్వింది. ఆదిలక్ష్మమ్మ మొహంలో కోపం, సిగ్గు, గర్వం అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఆమె పెండ్లయి నలభై ఏళ్ళు దాటింది. అందరికంటే ముందు, వేడి ముద్ద ముందు కూర్చోమని ఆమెను ఎవరూ పిలవలేదు.

"దొంగముండ," అని ముద్దుగా తిట్టి లేచింది.

మొదటి ముద్ద ఇట్టే అయిపోయింది. నాగవేణి తన పిడికెడు తిని, మిగతాది పప్పుతో కలిపి మల్లికకు పెట్టింది. మల్లిక ఆకలిగలది, మొహమాటం లేకుండా తినేసింది. కిటికీ అవతల జగదీశ్ నీడ కదిలింది. పందెం గెలిచినట్టే. ఆదివారం అత్త గరిటెతో తన గిన్నెలో తునకలు వేస్తున్నట్టు నాగవేణికి కళ్ళకు కట్టింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేం.

ఆదిలక్ష్మమ్మ చాప మీద చతికిలబడింది. మోకాలు మడవడం కష్టమై ఎడమ కాలు పక్కకు చాపింది. రబ్బరు చెప్పులు గడప బయటే ఉండిపోయాయి. మడమకు కట్టిన పాత గుడ్డ పేలిక బయటపడింది. పసుపు రంగు మరక ఎండిపోయి, ఒక చోట మాత్రం తడిగా ఉంది.

"అత్తా, కాలికేమైంది?"

"ఏం ల్యాదు. ముల్లు." ఆమె ముద్ద చిదిమి పులుసులో అద్దుతోంది.

"ఎప్పుడు?"

"పీర్ల పండగప్పుడు. కొట్టంలో."

పీర్ల పండగ పోయి నెలన్నర దాటింది.

"ఇన్ని దినాలా? మానలేదా? ఏంటికి చెప్పలేదు?"

"నొప్పే లేదు పాపా. దానికెందుకు చెప్పడం?"

నాగవేణి ఆ గుడ్డ వైపే చూసింది. అవే మాటలు. పులివెందులలో, గడప మీద కూర్చుని, గుడ్డ చుట్టిన కాలు చాపుకుని, అమ్మ చెప్పిన మాటలు. ఇంట్లో చెప్పులు. ఈడ్చే కాలు. రోజూ చూస్తూనే ఉంది, సోకులనుకుని నవ్వుకుంది. తన అంకెలు చూసుకోవడంలో పడి, తనకు రోజూ ముద్ద పెట్టే మనిషి కాలు చూడలేదు.

ఆదిలక్ష్మమ్మ మొదటి కబళం మింగి రెండోదానికి చెయ్యి చాపింది.

ఒక్క ముద్దతో ఏమీ కూలిపోదని నాగవేణికి తెలుసు. నిన్ననే విన్నది. తెలిసినా ఆమె చెయ్యి ముందుకు పోయింది. ఐదు వేళ్ళూ చాచి, ఆ రెండో ముద్దను కప్పేసింది.

గోడల వెంట నవ్వులు ఆగిపోయాయి. మల్లిక మొహం పాలిపోయింది.

"ఏమ్మే," అంది అవ్వ మెల్లగా, "మా పిల్ల నచ్చలేదా?"

వసారాలో మాటలు తెగిపోయాయి. మామ చిన్నసుబ్బయ్య గడప దాకా వచ్చి నిలబడ్డాడు. అతని వెనక జగదీశ్ ఉన్నాడు, వదిన చేతినే చూస్తున్నాడు.

"చెయ్యి తియ్యి, నాగేణీ," అంది ఆదిలక్ష్మమ్మ. గొంతులో కోపం లేదు, బతిమాలుతోంది. "పళ్ళెం ఖాళీ చేస్తానంటివి. వాని బతుకిది. తియ్యమ్మా."

నాగవేణి చెయ్యి తియ్యలేదు.